విదేశంలో ఇంగ్లీష్ టీచర్‌గా మొదటి ఏడాది: ఏ ఉద్యోగం, ఏ ఇల్లు, ఏ ఊరు?

విదేశంలో ఇంగ్లీష్ చెప్పడానికి బయల్దేరేవాళ్ళలో చాలామంది చివరికి రెండు ఆఫర్ లెటర్లు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఒకదాంట్లో జీతం కాస్త ఎక్కువ. ఇంకోదాంట్లో జీతం తక్కువే కానీ ఇల్లు వాళ్ళే ఇస్తారు. రాత్రంతా లెక్కలు వేసి, తెల్లారేసరికి జీతం ఎక్కువున్న వైపే మొగ్గుతారు. నేనూ మొదటిసారి జీతం అంకెనే ముందు చూశాను. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే జీతం అంకెను చివర్లో చూడమంటాను. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ ఉద్యోగం, మీరుండే ఇల్లు, మీ వీసా... ఈ మూడింటి తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయి?

మూడూ ఒకరి దగ్గరే ఉంటే మొదటి నెల హాయిగా గడిచిపోతుంది. ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్తారు, ఇంట్లో దింపుతారు, వీసా కాగితాలు వాళ్ళే చూసుకుంటారు. కానీ ఆ సంస్థకి ఏదైనా అయితే మీకు మూడూ ఒకేసారి పోతాయి. జపాన్‌లో అతిపెద్ద ఇంగ్లీష్ సంభాషణ స్కూళ్ళ చెయిన్‌గా ఉన్న నోవా 2007 అక్టోబరులో కుప్పకూలింది. వేలమంది విదేశీ టీచర్లకు జీతాలు ఆగిపోయాయి. కంపెనీ ఇళ్ళలో ఉంటున్నవాళ్ళకి అది చాలదన్నట్టు ఇంకో దెబ్బ తగిలింది. జీతంలోంచి అద్దె కింద పట్టుకున్న డబ్బు ఇంటి యజమానులకు చేరలేదని తేలింది, కొందరిని ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. 2021 జులైలో చైనా ప్రభుత్వం స్కూలు సబ్జెక్టుల ట్యూషన్‌ను లాభాపేక్షతో నడపకూడదని నిబంధనలు తెచ్చినప్పుడు కూడా ఎన్నో సంస్థలు మూతపడ్డాయి, ఎందరో టీచర్లు కొత్త దారి వెతుక్కున్నారు.

ఇలాంటివి రోజూ జరగవు. అయినా చెబుతున్నానంటే, కింద చెప్పబోయే ప్రతి పోలికనూ ఈ తాళంచెవుల లెక్కతోనే చూస్తాను కాబట్టి. మొదటి ఏడాది కొంత అవతలివాళ్ళ చేతిలో పెట్టక తప్పదు. మూడూ పెట్టకండి. పెట్టాల్సి వస్తే, ఎన్ని నెలల్లో ఏది వెనక్కి తీసుకుంటారో ముందే అనుకోండి.

ప్రభుత్వ ప్రోగ్రామా, ప్రైవేటు స్కూలా?

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. ముందుగా ఒక మాట. మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసి తలుపు తీసే ప్రోగ్రాములున్నాయి. దక్షిణ కొరియా ప్రభుత్వ స్కూళ్ళకు టీచర్లను తీసుకునే ఎపిక్ ప్రోగ్రాం మామూలుగా ఏడు దేశాల పౌరులనే తీసుకుంటుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మీ ఇంగ్లీష్ ఎంత బాగున్నా ఈ నిబంధన మారదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం, టీచింగ్‌కి పాస్‌పోర్టుతో సంబంధం లేదు. కానీ మనసు కష్టపెట్టుకుని ఆరు నెలలు పోగొట్టుకునేకంటే, అర్హత పేజీ మొదటే చదివేసి వేరే తలుపు తట్టడం మంచిది. టీచింగ్ లైసెన్సు, రెండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళని ఇంటర్నేషనల్ స్కూళ్ళు, మాస్టర్స్ ఉన్నవాళ్ళని యూనివర్సిటీలు చూస్తాయి. అక్కడ చాలాచోట్ల పాస్‌పోర్టు కంటే చేతిలోని కాగితాలకే విలువ.

అర్హత ఉంటే మాత్రం, మొదటి ఏడాదికి ప్రభుత్వ ప్రోగ్రామే మేలని నా ఉద్దేశం. జపాన్‌లో 1987లో మొదలైన జెట్ ప్రోగ్రాంలో అసిస్టెంట్ టీచర్‌గా చేరితే క్లాసులో పక్కన జపనీస్ టీచర్ ఉంటారు. గరిష్ఠంగా ఐదేళ్ళ దాకా కొనసాగవచ్చు. ఎపిక్‌లోనూ స్థానిక టీచర్ తోడుంటారు. వారానికి 22 గంటల బోధన, 40 గంటల పని, ఉండటానికి ఇల్లు. ఫ్రాన్స్‌లో అసిస్టెంట్లకు వారానికి 12 గంటలు, అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు ఏడు నెలలు. ఇక్కడ జీతం పెద్దగా రాదు, ఇల్లు మీరే చూసుకోవాలి, కానీ చేతిలో బోలెడంత సమయం మిగులుతుంది. వీటిలో ఏదీ రాత్రికి రాత్రి మూతపడే వ్యాపారం కాదు. కొత్తగా వెళ్ళినవాళ్ళకి దానికంటే ధైర్యం ఏముంటుంది?

ఇందులో ఇబ్బందీ ఉంది. ఏ ఊరు వస్తుందో మీ చేతిలో ఉండదు. జెట్‌లో మీ ఇష్టాలు అడుగుతారు, హామీ ఇవ్వరు. పెద్ద నగరం కోరుకున్నవాళ్ళకి బస్సు గంటకొకటి వచ్చే పల్లె రావచ్చు. పైగా అసిస్టెంట్ పని అంటే కొన్ని స్కూళ్ళలో నిజంగా కలిసి బోధించడం, కొన్నిచోట్ల పాఠం చదివి వినిపించి పక్కన నిలబడటం. ఏ రకం వస్తుందనేది ఆ స్కూల్లోని టీచర్ మీద ఆధారపడి ఉంటుంది.

ప్రైవేటు భాషా స్కూళ్ళది వేరే లోకం. వీటికి ఏడాది పొడవునా టీచర్లు కావాలి, ఊరు మీరే ఎంచుకోవచ్చు, క్లాసు మొత్తం మీ చేతుల్లో ఉంటుంది. నేర్చుకునే వేగం ఇక్కడే ఎక్కువ. కానీ టైమింగ్స్ అడగకుండా సంతకం పెట్టకండి. నేను చేరిన మొదటి స్కూల్లో కాంట్రాక్టు మీద "వారానికి 25 గంటలు" అని ఉంది. చదవగానే తేలికే అనిపించింది. వెళ్ళాక తెలిసింది, అందులో సగం ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా ఆఫీసుల్లో ఉద్యోగులకు, మిగతా సగం సాయంత్రం ఐదు నుంచి పొద్దుపోయేదాకా స్కూల్లో. మధ్యలో ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి ప్రయాణం. మధ్యాహ్నం నిద్రపోతే రాత్రి నిద్ర రాదు, పడుకోకపోతే సాయంత్రం క్లాసులో నోరు తిరగదు. జీతం బోధన గంటలకే ఇచ్చారు, ప్రయాణానికి కాదు.

కాబట్టి ఇంటర్వ్యూలో అడగాల్సింది "ఎన్ని గంటలు?" అని కాదు. "మామూలు మంగళవారం నా టైంటేబుల్ ఎలా ఉంటుంది, ఉదయం నుంచి రాత్రి దాకా చెప్పగలరా?" అని అడగండి. నిజాయితీగా నడిచే స్కూలు దీనికి రెండు నిమిషాల్లో జవాబిస్తుంది. కొత్త టీచర్‌కి గంట పాఠం తయారు చేయడానికి మొదట్లో గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అందుకే 25 గంటల బోధన అంటే కొత్తవాళ్ళకి అది నిండు ఉద్యోగం. 30 దాటితే మొదటి ఏడాది తీసుకోవద్దని గట్టిగా చెబుతాను, జీతం ఎంతైనా సరే.

వీసా తాళంచెవి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కొరియాలో ఈ-2 వీసా (విదేశీ భాషా టీచర్లకు ఇచ్చేది) మీద ఉన్న టీచర్ కాంట్రాక్టు మధ్యలో స్కూలు మారాలంటే మామూలుగా పాత యజమాని నుంచి విడుదల లేఖ కావాలి. ఆయనకి ఇష్టం లేకపోతే మీ దారి దాదాపు మూసుకుపోయినట్టే. జపాన్‌లో రెసిడెన్స్ స్టేటస్, అంటే అక్కడ ఉండి పనిచేయడానికిచ్చే అనుమతి, ఒకే యజమానితో ముడిపడి ఉండదు. ఉద్యోగం మారితే 14 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి, అంతే. అయితే ప్రభుత్వ స్కూల్లో బోధించడానికి ఇచ్చే స్టేటస్, సంభాషణ స్కూళ్ళకి ఇచ్చే స్టేటస్ వేరువేరు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. రెండు దేశాల ఆఫర్లు చేతిలో ఉన్నవాళ్ళు జీతాలు పోల్చే ముందు ఈ ఒక్క నిబంధన పోల్చి చూడండి. ఉద్యోగం నచ్చకపోతే బయటపడే దారి ఎంత వెడల్పుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంకొక సంగతి. కొరియాలో ఏడాది పూర్తిచేసిన ఉద్యోగికి చట్టం ప్రకారం దాదాపు ఒక నెల జీతం విడిగా ఇవ్వాలి. అక్కడ కాంట్రాక్టు 12 నెలలకు కాకుండా 11 నెలలకు ఉందంటే ఎందుకో అడిగి తీరాలి.

ఇక ఎవరితో కలవకుండా, ఆన్‌లైన్‌లోనే పాఠాలు చెప్పుకుంటూ విదేశంలో ఉందామనుకునేవాళ్ళకి ఒక్క మాటే చెబుతాను: మొదటి ఏడాదికి వద్దు. టూరిస్ట్ వీసా మీద పనిచేయడం చాలా దేశాల్లో నిబంధనలకు విరుద్ధం, పైగా కొత్త ఊళ్ళో రోజంతా గదిలో స్క్రీన్ ముందు కూర్చుంటే ఆ ఊరు ఎప్పటికీ మీది కాదు.

పిల్లలా, పెద్దలా?

చాలామంది దీన్ని ఇష్టాయిష్టాల విషయం అనుకుంటారు. "నాకు పిల్లలంటే ఇష్టం" అని చిన్నపిల్లల స్కూల్లో చేరిపోతారు. నా అనుభవంలో అసలు తేడా వేరే. పిల్లలకి విసుగొస్తే ఐదు సెకన్లలో తెలిసిపోతుంది, బల్ల కింద దూరతారు. పెద్దవాళ్ళు మర్యాదగా తలూపుతారు.

నా రెండో వారం సంగతి చెబుతాను. పెద్దవాళ్ళ క్లాసు, పన్నెండు మంది. "యూజ్డ్ టు" అనే ప్రయోగం చెబుతున్నాను, ఇంతకుముందు చేసేవాళ్ళు, ఇప్పుడు చేయడం లేదు అనే అర్థంలో. బోర్డు మీద బొమ్మ గీశాను, మూడు ఉదాహరణలు ఇచ్చాను, అర్థమైందా అని అడిగాను. పన్నెండు తలలూ ఊగాయి. వెనక వరసలోని ఒకావిడ చక్కగా "మై ఫాదర్ యూజ్డ్ టు స్మోక్" అంది. నాకు చెప్పలేనంత సంతోషం. మాట కలుపుదామని, మానేసి ఎన్నాళ్ళైందని అడిగాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, "నో, నో. ట్వెంటీ ఎవ్రీ డే" అంది. వాళ్ళ నాన్న ఇప్పటికీ రోజుకి ఇరవై కాలుస్తాడు. ఆయనకి అది అలవాటని చెప్పడం ఆవిడ ఉద్దేశం. మిగతా పదకొండు మందిలో ఎంతమంది అలాగే అనుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజు అదృష్టవశాత్తూ ఒక సీనియర్ టీచర్ క్లాసు వెనక కూర్చుని చూస్తున్నారు. తర్వాత ఆవిడ నన్ను కూర్చోబెట్టి, "అర్థమైందా అని ఇంకెప్పుడూ అడగొద్దు. అప్పుడు కాల్చేవాడా? ఇప్పుడు కాలుస్తాడా? అని రెండు చిన్న ప్రశ్నలు అడుగు" అన్నారు. టీచర్‌గా నేను నేర్చుకున్న మొదటి నిజమైన పాఠం అది. ఆవిడ అక్కడ లేకపోతే ఇంకో ఏడాది పాటు తలలు ఊగడం చూసి మురిసిపోయేవాణ్ణి.

కాబట్టి పిల్లలా పెద్దలా అనేదానికంటే, ఎవరైనా వచ్చి నా క్లాసు చూసి చెప్పేవాళ్ళున్నారా అనేది పెద్ద ప్రశ్న. ఇంటర్వ్యూలో అడగండి: "మొదటి మూడు నెలల్లో నా క్లాసుని ఎన్నిసార్లు చూస్తారు? ఎవరు?" జవాబు లేని పెద్ద సంస్థకంటే, ఒక మంచి సీనియర్ ఉన్న చిన్న స్కూలు కొత్తవాళ్ళకి వెయ్యి రెట్లు మేలు. అంతా సమానంగా ఉంటే, మాటలతో నెట్టుకురాగలిగినవాళ్ళు పెద్దల క్లాసులు, ఒంట్లో ఓపిక ఉండి ఆటపాటలు చేయించగలిగినవాళ్ళు పిల్లల క్లాసులు తీసుకోవచ్చు. మూడేళ్ళ పిల్లల్నీ ఆఫీసు ఉద్యోగుల్నీ ఒకే రోజు ఇచ్చే టైంటేబుల్ మాత్రం వద్దు. రెండిటికీ తయారవడం కొత్తవాళ్ళ వల్ల కాదు.

సర్టిఫికెట్: నాలుగు వారాలా, ఆన్‌లైనా?

ఇక్కడ ఎక్కువ వాదన అక్కర్లేదు. కేంబ్రిడ్జి వాళ్ళ సెల్టా, ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ సర్ట్‌టీసాల్, ఈ రెండు టీచింగ్ సర్టిఫికెట్ కోర్సుల్లోనూ నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటల బోధన ఉంటుంది, దాన్ని ట్రైనర్లు చూసి గ్రేడ్ ఇస్తారు. సెల్టాలో కనీసం 120 గంటల కోర్సు, పూర్తి సమయం తీసుకుంటే నాలుగైదు వారాలు. నాలుగు రాత పనులుంటాయి. ఆ నెల రోజులు ఊపిరి సలపదు, వేరే పని పెట్టుకోకండి. సెల్టా (CELTA) పేరులోని చివరి 'ఎ' అక్షరం ఒకప్పుడు 'అడల్ట్స్', అంటే పెద్దవాళ్ళ బోధననే సూచించేది. ఇప్పటికీ ఆ కోర్సు మొగ్గు పెద్దల వైపే.

ఆన్‌లైన్‌లో "120 గంటల టెఫెల్" (TEFL, ఇంగ్లీష్‌ను విదేశీ భాషగా బోధించడం) అని అమ్మే కోర్సులు చాలా ఉన్నాయి. వీసా కాగితాల కోసం 120 గంటల సర్టిఫికెట్ అడిగే చోట్ల అవి పనికొస్తాయి. కానీ నిజమైన క్లాసులో ఒక్క గంటైనా నిలబడకుండా వచ్చే సర్టిఫికెట్ అది. ప్రభుత్వ ప్రోగ్రాంలో పక్కన మరో టీచర్‌తో మొదలుపెట్టేవాళ్ళకి ఆన్‌లైన్‌ది చాలు, మిగతాది అక్కడ నేర్చుకోవచ్చు. మొదటి రోజు నుంచే క్లాసు ఒంటరిగా నడపాల్సిన ప్రైవేటు స్కూలు అయితే సెల్టా లేదా ట్రినిటీ చేసి వెళ్ళండి. అది ఉద్యోగం కోసం కంటే మీ నిద్ర కోసం అవసరం.

స్కూలు ఇచ్చే ఇల్లా, సొంతంగా అద్దెకా?

మొదటి ఏడాది నేను ముందు స్కూలు వాళ్ళ ఫ్లాటులోనే దిగాను. చేరిన వారానికే చలి ముదిరింది. గోడ మీద నీళ్ళు వేడిచేసే యంత్రం ప్యానెల్ ఉంది, ఏడు బటన్లు, ఒక్క అక్షరం చదవలేను. ఫోన్ కెమెరాతో తర్జుమా చేసి చూస్తే ఒక బటన్‌కి "వేడిని వెంబడించు" అని వచ్చింది. రాత్రి పదకొండింటికి చన్నీళ్ళతో స్నానం చేసి, దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాను. మర్నాడు ఆఫీసులో చెప్పగానే ఒకావిడ నాతో వచ్చి, ప్యానెల్ మీద చిన్న స్టిక్కర్లు అతికించింది: ఇది వేడి, ఇది ఆపు, ఇది ముట్టుకోవద్దు. ఐదు నిమిషాల పని. సొంతంగా అద్దెకు తీసుకుని ఉంటే ఆ ఐదు నిమిషాల సాయం కోసం ఎవరిని పిలవాలో తెలిసేది కాదు.

అదే ఫ్లాటులో రెండు నెలల తర్వాత, స్కూలు నుంచి వచ్చేసరికి బల్ల మీద చీటీ ఉంది. మీటరు చూడటానికి వచ్చాం, కిటికీ మూసి వెళ్ళాం అని. మంచి మనసుతోనే చేశారు. కానీ నేను లేనప్పుడు నా ఇంట్లోకి మనుషులు వచ్చారు, వాళ్ళ దగ్గర తాళంచెవి ఉంది కాబట్టి. ఆ రోజు నుంచి ఆ ఇల్లు నాది అనిపించలేదు. అడిగితే కాంట్రాక్టులో అలా రాసి ఉందన్నారు. నిజంగానే రాసి ఉంది, నేను చదవలేదు.

నా సలహా ఏమిటంటే, మొదటి మూడు నుంచి ఆరు నెలలు స్కూలు ఇల్లు తీసుకోండి, తర్వాత బయటికి మారే వీలు కాంట్రాక్టులో ఉండేలా చూసుకోండి. ఇల్లు వద్దంటే ఆ మేరకు నెలనెలా భత్యం ఇస్తారా అని చేరేముందే అడగండి, చేరాక అడిగితే బేరం సాగదు. స్కూలు ఇంట్లో చూసుకోవాల్సినవి మూడే: మీకు చెప్పకుండా లోపలికి రావచ్చా, ఉద్యోగం ముగిశాక ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి, గది ఒక్కరికేనా లేక సహోద్యోగితో కలిసి ఉండాలా. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ రోజంతా స్టాఫ్ రూంలో పక్కన కూర్చున్న మనిషితోనే రాత్రి వంటింట్లోనూ కలవాల్సి వస్తే, చిన్న మాట పట్టింపు కూడా పెద్దదైపోతుంది.

స్కూలు ఇల్లు ఇవ్వని చోట, వెళ్ళకముందే ఫోటోలు చూసి ఏడాది అద్దెకు అడ్వాన్సు కట్టకండి. మొదటి మూడు నాలుగు వారాలకి అన్ని సామాన్లూ ఉన్న తాత్కాలిక గది తీసుకుని, స్కూలు టైంటేబుల్ చేతికొచ్చాక వెతకండి. ఉదయం ఏడింటి క్లాసు ఉన్న రోజున ఆ ఇంటి నుంచి నిజంగా ప్రయాణం చేసి చూడండి. అడ్వాన్సులు, హామీదారు నిబంధనలు దేశాన్నిబట్టి మారతాయి. జపాన్‌లో చాలా ఇళ్ళకి తిరిగి ఇచ్చే అడ్వాన్సుతో పాటు తిరిగి రాని "రెయికిన్" (ఇంటి యజమానికి కానుకగా ఇచ్చే డబ్బు) కూడా ఉంటుంది, హామీ కంపెనీ ఫీజు వేరే. చేరగానే సొంత ఇల్లు అనుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

పెద్ద నగరమా, చిన్న ఊరా?

నగరంలో ఇంగ్లీష్‌తో పని నడుస్తుంది, డాక్టరు దొరుకుతారు, ఉద్యోగం పోతే పక్క వీధిలో ఇంకో స్కూలుంటుంది. తాళంచెవుల లెక్కలో నగరానికే ఎక్కువ మార్కులు. చిన్న ఊళ్ళో జీతం తక్కువైనా మిగులుతుంది, మనుషులు గుర్తుపడతారు, భాష త్వరగా వస్తుంది.

భాష విషయంలో ఒక లెక్క ఉపయోగపడుతుంది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ, ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ళకి స్పానిష్ లాంటివి పనికి తగ్గట్టు రావడానికి సుమారు 600 నుంచి 750 క్లాసు గంటలు, జపనీస్, కొరియన్, మాండరిన్, అరబిక్‌లకు సుమారు 2,200 గంటలు పడతాయని లెక్కగట్టింది. మీ మాతృభాషను బట్టి ఇది కొంత మారుతుంది. వాక్యం చివర క్రియ వచ్చే భాషలో పెరిగినవాళ్ళకి జపనీస్, కొరియన్ వాక్యాల వరస అంత వింతగా ఉండదు. ఏమైనా, స్పానిష్ మాట్లాడే దేశంలో చిన్న ఊరు వస్తే ఆరు నెలల్లో దుకాణంలో, ఆసుపత్రిలో మీ పని మీరు చేసుకోగలుగుతారు. కొరియాలో చిన్న ఊరు వస్తే మొదటి ఏడాదంతా ఎవరో ఒకరి సాయం కావాలి. ఆ సాయం చేసే మనిషి పేరు స్కూలు వాళ్ళు చెప్పగలిగితే చిన్న ఊరు తీసుకోండి. "అందరూ సాయం చేస్తారు" అంటే మాత్రం నగరానికే వెళ్ళండి.

చిన్న ఊరిలో ఇంకొకటి కూడా ఆలోచించాలి. సాయంత్రం బజారుకి వెళ్తే విద్యార్థులు, వాళ్ళ అమ్మానాన్నలు కనిపిస్తారు, మీ బుట్టలో ఏముందో చూస్తారు. ఇది కొందరికి ఆప్యాయత, కొందరికి ఊపిరాడని పరిస్థితి. మీరు ఏ రకమో మీకే తెలుసు, నిజం చెప్పుకోండి.

కాగితాలు, డబ్బు

ఇక్కడ పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు, చేయాల్సినవే ఉన్నాయి. డిగ్రీ, పోలీసు క్లియరెన్స్ కాగితాలకు 1961 హేగ్ ఒప్పందం ప్రకారం అపాస్టిల్ (కాగితం అసలైనదేనని ధ్రువీకరించే ప్రభుత్వ ముద్ర) వేయిస్తే చాలా సభ్యదేశాల్లో చెల్లుతుంది. చైనాలో ఆ ఒప్పందం 2023 నవంబరు 7 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి అక్కడికి పాత సలహాలు గుడ్డిగా నమ్మకండి, మీ దేశపు కాగితాలకు ఏది వర్తిస్తుందో సరిచూసుకోండి. సభ్యత్వం లేని దేశాలకి ఎంబసీ ద్వారా అటెస్టేషన్ చేయించాలి, దానికి వారాలు పడుతుంది. వెళ్ళాక చిరునామా నమోదుకి గడువులుంటాయి. జపాన్‌లో ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు వార్డు లేదా మునిసిపల్ ఆఫీసులో, చైనాలో హోటల్‌లో కాకుండా వేరేచోట దిగితే 24 గంటల్లోపు పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి.

బ్యాంకు ఖాతాకి ఫోన్ నంబరు కావాలి, ఫోన్ కనెక్షన్‌కి బ్యాంకు ఖాతా అడుగుతారు, రెంటికీ చిరునామా ఉండాలి. ఈ గొలుసు తెగేది ఆ దేశపు రెసిడెన్స్ కార్డుతోనే, అందుకని మొదటి వారం దాని మీదే దృష్టి పెట్టండి. మొదటి జీతం చేతికి రావడానికి నెల నుంచి నెలన్నర పట్టవచ్చు. విమాన టికెట్ డబ్బు ముందే ఇస్తారా, వచ్చాక తిరిగి ఇస్తారా అనేదీ తేల్చుకోండి. రెండు మూడు నెలల ఖర్చు, తిరుగు టికెట్ డబ్బు వేరే ఖాతాలో ఎప్పుడూ ఉండాలి. జీతం ఎక్కువున్న ఆఫర్ కంటే ఈ డబ్బే మీకు ఎక్కువ ధైర్యాన్నిస్తుంది. ఎందుకంటే ఆ తాళంచెవి పూర్తిగా మీది.

తోటి విదేశీయులా, స్థానికులా?

కొత్తగా వెళ్ళినవాళ్ళకి రెండు రకాల సలహా వినిపిస్తుంది. ఒకరు "మనవాళ్ళతో ఉంటే ఆ దేశం తెలియదు, స్థానికులతోనే కలవండి" అంటారు. ఇంకొకరు "కష్టంలో ఆదుకునేది తోటి టీచర్లే" అంటారు. నేను రెండూ పాటించి చూశాను. మొదటి మూడు నెలలు తోటి విదేశీ టీచర్లు లేకపోతే గడవదు, ఆసుపత్రి ఎక్కడుంది, ఏ బ్యాంకు ఖాతా ఇస్తుంది అనేవి వాళ్ళకే తెలుసు. నాలుగో నెల వచ్చేసరికి మాత్రం వారంలో ఒక సాయంత్రమైనా ఇంగ్లీష్ అక్కర్లేని చోట గడపండి. బాడ్మింటన్, కుట్టుపని, పాటల బృందం, ఏదైనా సరే. మాట రాకపోయినా చేతులకి పని ఉండే చోట మనుషులు త్వరగా దగ్గరవుతారు.

కల్చర్ షాక్ అనే మాటను 1950ల్లో ప్రచారంలోకి తెచ్చిన మానవ శాస్త్రవేత్త కాలెర్వో ఒబెర్గ్, మొదట్లో అంతా కొత్తగా, ముచ్చటగా ఉండి, తర్వాత చిరాకు, నిరాశ దశ వస్తుందని, అది దాటాకే మనిషి కుదురుకుంటాడని రాశారు. అందరికీ ఒకే వరసలో రాదు. నాకు మాత్రం నాలుగో నెలలో వచ్చింది. చలికాలం, సాయంత్రం ఐదింటికే చీకటి. బస్సు డ్రైవరు విసుగ్గా ఏదో అంటే అర్థం కాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేశం నచ్చలేదనే తీర్మానానికి వచ్చేశాను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కాంట్రాక్టు పొడిగిస్తారా లేదా అని అడిగే ఫారం కూడా చాలాచోట్ల సరిగ్గా ఆ నెలల్లోనే వస్తుంది. ఏడాది ముగియడానికి చాలా ముందే, స్కూళ్ళు వచ్చే ఏడాది మనుషుల్ని లెక్కేసుకునే వేళ. ఉండటమా వెళ్ళడమా అనే ఆ పోలికను చీకటి పడ్డాక, ఒంటరిగా, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చేయొద్దు. ఫారం చివరి తేదీ ఎప్పుడో చేరిన వారంలోనే అడిగి క్యాలెండర్‌లో రాసుకోండి. దానికి నెల ముందు నుంచి ప్రతి శనివారం ఉదయం, ఆ వారంలో బాగా సాగిన ఒక క్లాసు, విసిగించిన ఒక విషయం, రెండే రెండు వాక్యాలు రాయండి. విసిగించేవి స్కూలుకి సంబంధించినవైతే, ఆ దేశంలోనే ఇంకో స్కూలు వెతకండి. ఇంటికి సంబంధించినవైతే ఇల్లు మారండి. నా నాలుగు శనివారాల్లో మూడుసార్లు రాసింది ఆ ఫ్లాటు గురించే. ఫారం మీద సంతకం పెట్టి ఇచ్చేశాను, తర్వాతి నెల నదికి అవతలి ఒడ్డున చిన్న గది అద్దెకు తీసుకున్నాను. రెండు తాళంచెవులు ఇచ్చారు, రెండూ నాకే.